నీలం చుక్క

గురువారం మధ్యాహ్నం క్లాసులో మేడమ్ ఆ నాలుగు పేజీలూ చదివి, కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టి, "వినడమంటే ఇదర్రా" అంది. "దీనికి యాభైకి నలభై ఎనిమిది వేస్తున్నాను. ఆ రెండూ ఎందుకు తగ్గించానంటే, నిండుగా వేస్తే మనిషికి కళ్ళు నెత్తికెక్కుతాయని."

అందరూ నవ్వారు. వెనక వరసలో చదువులమ్మ తలొంచుకుని సంచి జిప్పు సవరించుకుంది. లోపల మాత్రం లేచి గంతెయ్యాలన్నంత సంతోషంగా ఉంది.

చదువులమ్మ అన్నది వార్డు ఆయాలు పెట్టిన పేరు. ఎముకల వార్డులో పద్దెనిమిదేళ్ళు నర్సుగా చేసిన మనిషి, నలభై మూడో ఏట పుస్తకాల సంచి తగిలించుకుని మానసిక ఆరోగ్యంలో పీజీ చదవడానికి బయల్దేరితే వాళ్ళు ఊరుకుంటారా? మొదట్లో ఆ పేరు వింటే ఒళ్ళు మండేది. ఇప్పుడు అలా పిలిస్తేనే పలుకుతోంది. ఆస్పత్రుల్లో పనిచేసేవాళ్ళ కోసమే పెట్టిన రెండేళ్ళ కోర్సు అది. క్లాసులో పన్నెండు మంది. ఉదయం డ్యూటీ చేసి, మధ్యాహ్నం వచ్చి కూర్చుని, ఆవులింతలు ఆపుకుంటూ వింటారు.

వారానికొకసారి అందరూ 'మాటకు మాట' రాసివ్వాలి. ఒక రోగితో జరిగిన సంభాషణ, ఆ రోగి అన్నదీ తాము అన్నదీ ఒక్క ముక్క వదలకుండా, పేరు మాత్రం లేకుండా. చదువులమ్మ ఇవాళ్టిది భోజనం మానేసి రాసింది.

"ఇద్దరు పైకి చదవండి. నర్సు మాటలు నువ్వే చదువు" అని మేడమ్ చుట్టూ చూసింది. "రోగి మాటలు పహిల్వాన్ చదువుతాడు."

పహిల్వాన్ ఫిజియోథెరపిస్టు. గుమ్మంలోంచి రావాలంటే పక్కకు తిరగాల్సిన మనిషి. అతను ఆడమనిషి మాటలు చదవబోతున్నాడని క్లాసు మళ్ళీ నవ్వింది. అతనూ సరదాపడి, గొంతు సన్నం చేసుకుని మొదలుపెట్టాడు.

"కాలు లోపల పగిలిపోతోంది సిస్టర్."

"చాలా కష్టంగా ఉన్నట్టుంది మీకు" చదివింది చదువులమ్మ.

"కష్టం కాదు సిస్టర్, నొప్పి. ఇంజక్షన్ ఇచ్చినా పోలేదు."

"ఈ నొప్పి తలచుకుంటే మీ మనసులో ఏమనిపిస్తోంది?"

"మనసులో ఏముంటుంది, కాల్లో ఉంది."

ఎవరో కిసుక్కుమన్నారు. పహిల్వాన్ మాత్రం నవ్వలేదు. అతని గొంతు ఎప్పుడు మామూలు గొంతయిపోయిందో అతనికే తెలిసినట్టు లేదు.

"ఇక్కడ నేను మాట్లాడకుండా ఆమె చెయ్యి పట్టుకున్నాను" చదివింది చదువులమ్మ. మేడమ్ మెచ్చుకోలుగా తలూపింది.

"కట్టు బిగుసుకుపోతోంది సిస్టర్. రాత్రికీ ఇప్పటికీ బిగుసుకుపోయింది."

"మీవారు పోయినప్పుడు కూడా ఇలాగే ఊపిరాడనట్టు అనిపించిందా?"

"బ్రాకెట్లో ఏడుపు అని ఉంది." పహిల్వాన్ పేజీ తిప్పాడు. "వేళ్ళు నావి కానట్టున్నాయి."

"మీ శరీరం మీది కానట్టు అనిపిస్తోందా?"

ఆ ప్రశ్న దగ్గర మేడమ్ వేలెత్తి ఆపింది. బాధ ఎక్కువైనప్పుడు మనిషి తన శరీరంలోంచి తానే తప్పుకున్నట్టు ఉండటం గురించి పోయిన వారమే పాఠం చెప్పింది. "చూశారా, ఎలా పట్టుకుందో?" అంది.

పహిల్వాన్ కాగితం కిందకి దించాడు. "ఇది ఎప్పటిది సిస్టర్?"

"ఇవాళ్టిదే. పదకొండింటికి."

"ఆమెకి ఏమైంది?"

"మెట్ల మీంచి పడింది. మోకాలి కింద రెండెముకలూ విరిగాయి. నిన్న సాయంత్రం పిండికట్టు వేశారు."

"బొటనవేలు లాగి చూశారా?"

చదువులమ్మ తన చేతుల కేసి చూసుకుంది.

విరిగిన కాలికి కొత్తగా కట్టు వేసినప్పుడు లోపల వాపు పెరిగితే కండకి రక్తం ఆడదు. కొన్ని గంటల్లో కండ చచ్చిపోతుంది. అది పసిగట్టడానికి యంత్రాలేమీ అక్కర్లేదు. కట్టు బయట ఉన్న బొటనవేలు పట్టుకుని మెల్లగా పైకి లాగితే చాలు, మనిషి కెవ్వుమంటుంది. పద్దెనిమిదేళ్ళుగా ఏ పిండికట్టు మంచం పక్కనుంచి నడిచినా చదువులమ్మ చెయ్యి దానంతటదే ఆ వేలి మీదకు పోయేది. ఎవరినో కేకేస్తూ కూడా లాగేది, నవ్వుతూ కూడా లాగేది. కొత్తగా వచ్చిన ప్రతి నర్సుకూ ఆమే నేర్పింది. ఇవాళ పొద్దున మాత్రం ఆమె రెండు చేతులూ రోగి చెయ్యి పట్టుకుని ఉన్నాయి.

"పహిల్వాన్, మనం ఇక్కడ చూడాల్సింది ఆమె భావాలు..." మేడమ్ అనబోయింది.

"మేడమ్, ఆ మనిషి కాలు పోతోంది" అన్నాడతను.

చదువులమ్మ అప్పటికే కారిడార్లో ఉంది. వార్డుకు ఫోన్ చేస్తే చిన్న సిస్టర్ ఎత్తింది. ఉద్యోగంలో చేరి ఆరు నెలలైన పిల్ల. చదువులమ్మ ఏం చెబితే అదే వేదం ఆ పిల్లకి.

"ఆరో మంచం ఎలా ఉంది?"

"చాలా ప్రశాంతంగా ఉందక్కా! మీరు నేర్పినట్టే పక్కన కూర్చుని మాట్లాడాను. ఊపిరి మెల్లగా తీసి వదలమన్నాను. ఇప్పుడు ఏడవట్లేదు కూడా."

"డాక్టరుగారికి చెప్పారా?"

"నీలం చుక్క కదక్కా" అంది చిన్న సిస్టర్. "అందులోనూ మీరు చూసే వెళ్ళారు కదా."

నీలం చుక్క చదువులమ్మ ప్రాజెక్టు. మనసు బాగాలేక మందులు వాడుతున్నవాళ్ళు ఎవరైనా వార్డులో చేరితే వాళ్ళ కేసు షీటు అట్ట మీద గోరంత నీలం కాగితం అంటిస్తారు. ఆ చుక్క కనిపిస్తే నర్సు నిలబడి మాట్లాడకూడదు, కుర్చీ వేసుకుని కూర్చోవాలి. విసుక్కోకూడదు. ఏ బాధ చెప్పినా ముందు ఓపిగ్గా వినాలి, ఆ తర్వాత చదువులమ్మకు చెప్పాలి. అయినదానికీ కానిదానికీ డాక్టరుని పిలిచి చివాట్లు తినక్కర్లేదని నర్సులకూ హాయిగానే ఉంది. రెండు నెలల్లో వార్డులో కసుర్లు సగం తగ్గాయని పెద్ద సిస్టర్ మీటింగులో చెప్పి చప్పట్లు కొట్టించింది. ఆరో మంచం టైలరమ్మకు మొగుడు పోయి రెండేళ్ళు. నిద్రకీ దిగులుకీ రోజూ ఒక మాత్ర వేసుకుంటుంది. ఆ ఒక్క మాత్రకి చుక్క అంటించారు.

"ఫోన్ పెట్టకుండా ఆమె దగ్గరికి వెళ్ళు" అంది చదువులమ్మ. "బొటనవేలు పట్టుకుని పైకి లాగు."

ఫోన్లో చెప్పుల చప్పుడు, కుర్చీ జరిగిన చప్పుడు. చదువులమ్మ కేక కోసం చెవులు రిక్కించింది. ఒక మనిషి నొప్పితో అరవాలని ఆమె బతుకులో ఎప్పుడూ ఇంతగా కోరుకోలేదు.

కేక రాలేదు.

"అక్కా, నొప్పే లేదట!" చిన్న సిస్టర్ గొంతులో సంతోషం. "అసలు లాగినట్టే తెలియలేదంటోంది!"

పోయింది నొప్పి కాదు, స్పర్శ. నరాలు కూడా చచ్చుబడుతున్నాయన్నమాట. చదువులమ్మ ఫోన్లో అరిచిన అరుపుకి మూడు క్లాసుల తలుపులు తెరుచుకున్నాయి. డాక్టరుని పిలవమనీ, కట్టు కోసే రంపం తెమ్మనీ, ఆపరేషన్ థియేటరుకి చెప్పమనీ అరిచింది. పహిల్వాన్ బండి తాళాలతో పక్కన నిలబడి ఉన్నాడు.

వాళ్ళు వార్డు చేరేసరికి ఎముకల డాక్టరు కట్టుని నిలువునా కోసి రెండు చెక్కలూ విడదీస్తున్నాడు. లోపల పిక్క ఉబ్బి, చర్మం బిగిసి మెరుస్తోంది. ఆయన వేలితో నొక్కాడు. బల్ల చెక్కని నొక్కినట్టు వేలు ఏమాత్రం దిగలేదు.

"ఎప్పట్నుంచి ఇలా ఉంది?"

టైలరమ్మ ఒక్కొక్కరి మొహమూ చూస్తోంది. ఏదో తప్పు చేసి దొరికిపోయిన మనిషిలా పైటకొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"పదకొండింటికే నొప్పి ఉందండి. అంతకుముందే మొదలై ఉంటుంది" అంది చదువులమ్మ.

"పదకొండింటికి ఎవరు చూశారు?"

"నేనే."

డాక్టరు తలెత్తాడు. పద్దెనిమిదేళ్ళుగా ఆమె ఫోన్ చేసి "ఒకసారి వచ్చి చూడండి" అంటే అన్నం ముందు నుంచి లేచి వచ్చిన మనిషి ఆయన. ఆయనకి కోపం కూడా రాలేదు.

"నువ్వా?" అన్నాడు. అంతే అన్నాడు.

స్ట్రెచర్ వెళ్ళిపోయాక చదువులమ్మ థియేటరు బయట బెంచీ మీద కూలబడింది. ఆయా బకెట్టు పక్కన పెట్టి వచ్చి నిలబడింది. వార్డులో అందరికన్నా పాత మనిషి, మాటకి మొహమాటం లేదు.

"పొద్దున బెడ్‌పాన్ పెడదామని కాలు ఇంత జరిపితే గావుకేక పెట్టిందమ్మా. చెబుదామని మీ దగ్గరికి వచ్చాను."

"మరి చెప్పలేదేం?"

"మీరు కుర్చీ వేసుకుని కూర్చున్నారు. ఆవిడ మొగుడి సంగతి మాట్లాడుతున్నారు. చుక్కున్నవాళ్ళతో మాట్లాడేటప్పుడు మధ్యలో దూరొద్దని మీరే కదమ్మా గోడమీద రాయించింది?" ఆయా నీళ్ళు నిండిన కళ్ళతో ఆమె కేసి చూసింది. "చదవేస్తే ఉన్న మతి పోయిందంటారే, అలా అయింది మన పని."

'మీ పని' అనకుండా 'మన పని' అన్నందుకు చదువులమ్మకు ఏడుపు ముంచుకొచ్చింది.

పిక్కకి రెండు వైపులా నిలువునా కోసి ఒత్తిడి తీశారు. చచ్చిపోయిన కండ కొంత తీసేశారు. కాలు నిలిచింది. పాదం మాత్రం పైకి లేవకపోవచ్చని సాయంత్రం డాక్టరు చెప్పాడు. మిషను తొక్కే కాలు అది.

ఇంటికెళ్ళి అన్నం కలిపిందే కలుపుతూ కూర్చుంది. భర్త ఎదురుగా కూర్చుని చూస్తున్నాడు. నీళ్ళ మీటర్లు చూసే ఉద్యోగం అతనిది. రోజంతా ఊళ్ళోవాళ్ళ గొడవలు విని వచ్చి ఇంట్లో నవ్వించడం అలవాటు. ఈమె కోర్సులో చేరిన దగ్గర్నుంచీ, 'మా ఇంట్లో పంటి నొప్పి వచ్చినా కారణం చిన్నతనంలోనే ఉంటుంది' అని వచ్చినవాళ్ళందరికీ చెబుతున్నాడు.

"ఏమైంది? నీ మనసులో ఏమనిపిస్తోందో చెప్పు" అన్నాడు వేళాకోళంగా, అచ్చం ఆమె గొంతుతోనే.

ఆమె పెద్దగా ఏడ్చింది. అతను హడలిపోయి కంచం పక్కకి జరిపాడు. ఆమె మంచం మీద కూర్చుని తన కాలి బొటనవేలు పట్టుకుని పైకి లాగుతూ ఉంది. లాగడం, వదలడం. ఎంతసేపు పడుతుంది? రెప్పపాటు. ఆమె టైలరమ్మ పక్కన కూర్చున్నది ఇరవై ఐదు నిమిషాలు.

సోమవారం పెద్ద సిస్టర్ గదికి రమ్మని కబురొచ్చింది. ఎముకల డాక్టరూ ఉన్నాడు. జరిగినదాని మీద టైపు చేసిన రిపోర్టు ఒకటి ఆమె ముందుకు జరిపారు. కింద తమ ముగ్గురి పేర్లు, సంతకాలకి గీతలు. చదువులమ్మ మధ్యలో ఒక వాక్యం దగ్గర ఆగింది. 'రోగి తన మానసిక స్థితి కారణంగా నొప్పిని స్పష్టంగా తెలియజేయలేకపోవడంతో చికిత్సలో జాప్యం జరిగింది.'

రెండుసార్లు చదివింది.

"ఆవిడ చెప్పింది సిస్టర్" అంది. "చాలాసార్లు చెప్పింది. ఏమేం చెప్పిందో నా దగ్గర రాసి ఉంది."

"అడగందే అమ్మైనా పెట్టదంటారు" అన్నాడు డాక్టరు కిటికీ కేసి చూస్తూ. "గట్టిగా చెప్పి ఉండాల్సింది. ఆ ముక్కే ఆవిడకీ చెప్పాను."

"ఆవిడకి చెప్పారా? మీరు చెప్పకపోవడం వల్లే ఇలా అయిందని?"

ఆయన మంచివాడే. ఆ మాట అనడం ఆయనకీ మింగుడు పడలేదని మొహం చెబుతూనే ఉంది. అయినా అన్నాడు, రోగి మంచం పక్కన నిలబడి మరీ అన్నాడు.

పెద్ద సిస్టర్ లేచి, బల్ల చుట్టూ తిరిగి వచ్చి, కుర్చీ లాక్కుని చదువులమ్మ పక్కన కూర్చుంది. చెయ్యి పట్టుకుంది. గొంతు తగ్గించింది.

"నీకు చాలా కష్టంగా ఉన్నట్టుంది. నిద్రపోయి ఎన్నాళ్ళయింది?"

చదువులమ్మ ఆ చేతిని చూసింది. కుర్చీ ఎంత దూరంలో వెయ్యాలో, చెయ్యి ఎలా పట్టుకోవాలో, గొంతు ఎంత తగ్గించాలో, అన్నీ తను నేర్పినట్టే ఉన్నాయి. అవతలి మనిషిది నటన కాదు, నిజమైన జాలే. అయినా ఇప్పుడు తను ఏం చెప్పినా అది ఈ గదిలో మాటగా చెల్లదు. నిద్రలేమిగా, దిగులుగా, పశ్చాత్తాపంగా చెల్లుతుంది. ఆరో మంచం మీద పడుకుంటే ఎలా ఉంటుందో ఆమెకు అప్పుడు తెలిసింది.

"నాకు నిద్ర సంగతి కాదు సిస్టర్. ఈ వాక్యం అబద్ధం."

"ఆ రాసిన కాగితం నీ క్లాసుది. మనకి సంబంధం లేదు. చింపెయ్" అంది పెద్ద సిస్టర్, చెయ్యి వదలకుండానే. "నీ చివరి సెమిస్టరుకి అనుమతి కాగితం నా బల్ల మీదే ఉంది. ఇంతదూరం చదివి ఇప్పుడు పోగొట్టుకుంటావా? రెండు రోజులు సెలవు తీసుకో. తర్వాత సంతకం పెడుదువుగాని."

చదువులమ్మ మెల్లగా చెయ్యి విడిపించుకుని లేచింది. సంతకం పెట్టలేదు. వార్డుకి వచ్చి బీరువా తీసి, చుక్కలున్న తొమ్మిది కేసు షీట్లూ బల్లమీద పరిచి, ఒక్కొక్కటే గోరుతో గీకి తీసేసింది. చిన్న సిస్టర్ గుడ్లప్పగించి చూసింది.

"అయితే ఇకనుంచి వాళ్ళ మాట వినక్కర్లేదా అక్కా?"

"వినాలి" అంది చదువులమ్మ. "విన్నది నమ్మి దుప్పటి తీసి చూడాలి. పద, నాలుగో మంచం కడుపునొప్పి అన్నాడుగా, డాక్టరుని పిలిచావా?"

మంగళవారం మధ్యాహ్నం రోగుల భోజనాలయ్యాక ఆమె ఆరో మంచం దగ్గరికి వెళ్ళింది. నాలుగు పేజీలూ చేతిలో ఉన్నాయి. పైన ఖాళీగా వదిలిన చోట ఇప్పుడు టైలరమ్మ పేరుంది. ప్రతి పేజీ కిందా తన పూర్తి పేరు, సంతకం, గురువారం తేదీ, పదకొండు గంటలు అని ఉన్నాయి.

టైలరమ్మ కాలు దిండ్ల మీద ఎత్తుగా ఉంది. చెల్లెలు మంచం అంచున కూర్చుని బత్తాయి తొక్క తీస్తూ సణుగుతోంది.

"చిన్నప్పట్నుంచీ ఇంతే సిస్టర్. అన్నీ లోపలే దాచుకుంటుంది. నోరు తెరిచి నొప్పి అని ఒక్క మాట అంటే పోయేది కదా. డాక్టరుగారు కూడా అదే అన్నారు. ఇప్పుడు మిషను ఎవరు తొక్కుతారు?"

దుప్పటి అంచు కుట్టు ఊడితే, టైలరమ్మ ఆ దారాన్నే వేలికి చుట్టుకుంటోంది.

"మీరు నొప్పి అన్నారు" అంది చదువులమ్మ. "నేను చూడలేదు. చూసి ఉంటే మీ పాదం బాగుండేది. తప్పు నాది."

చెల్లెలు బత్తాయి పట్టుకుని అలాగే ఉండిపోయింది. టైలరమ్మ కంగారుపడింది.

"అయ్యో, మీదేం లేదు సిస్టర్. నేనే సరిగ్గా చెప్పలేదేమో. నాలుగు రోజుల్నుంచీ అదే ఆలోచిస్తున్నాను, చెప్పానా లేదా అని. చెప్పినట్టే ఉంటుంది, చెప్పలేదేమో అనీ ఉంటుంది. మాత్రలు వేసుకునే బుర్ర కదా." కాస్త ఆగి, సిగ్గుపడుతూ అంది. "మీరందరూ అంత మంచిగా మాట్లాడుతుంటే, మళ్ళీ మళ్ళీ నొప్పి అనడానికి మొహం చెల్లలేదు."

చదువులమ్మ కాగితాలు విప్పి, మొదటి నుంచి చివరిదాకా చదివింది. తన ప్రశ్నలూ వదల్లేదు, చెయ్యి పట్టుకున్నాను అని రాసుకున్నదీ వదల్లేదు. చదువుతుంటే చెవులు కాలిపోయాయి. పక్క మంచాలవాళ్ళు కూడా మాటలాపి వింటున్నారు.

"ఇవి మీవి. మీ దగ్గర ఉంచుకోండి. పెద్దవాళ్ళు ఎవరైనా మీరు చెప్పలేదంటే చూపించండి, నన్ను పిలవమనండి" అంది. అనుమతి కాగితం గుర్తొచ్చింది, మేడమ్ గుర్తొచ్చింది. రెండేళ్ళ చదువు ఈ మంచం దగ్గర ఆగిపోతుందని తెలుసు.

టైలరమ్మ కాగితాలు అందుకోలేదు.

"ఇంకోసారి చదవండి సిస్టర్" అంది. "నేనన్నవి మాత్రం చదవండి."

చదువులమ్మ మొదటి పేజీకి తిప్పింది. తన మాటలన్నీ దాటుకుంటూ చదివింది.

"కాలు లోపల పగిలిపోతోంది సిస్టర్. కష్టం కాదు సిస్టర్, నొప్పి. ఇంజక్షన్ ఇచ్చినా పోలేదు. మనసులో ఏముంటుంది, కాల్లో ఉంది. కట్టు బిగుసుకుపోతోంది సిస్టర్. రాత్రికీ ఇప్పటికీ బిగుసుకుపోయింది. వేళ్ళు నావి కానట్టున్నాయి. కాదు సిస్టర్, ఒళ్ళంతా కాదు, వేళ్ళే. ఒకసారి ఎవరైనా చూస్తారా? సరే సిస్టర్. మీరు ఇంతగా చెబుతున్నారు కదా, ఓర్చుకుంటాను."

టైలరమ్మ చెల్లెలి చెయ్యి పట్టుకుని లాగింది.

"విన్నావటే?" అంది. "నేను చెప్పాను."